చప్పుడు లేని చందమామ

"బాపూ, జల్ది రా! కరెంటొచ్చింది, గంటనే ఉంటది," అని ముందు గదిలోంచి భాగ్య కేకేసింది. పెరట్లో మొహం కడుక్కుంటున్న జైసింగ్ తువ్వాల భుజాన వేసుకుని లోపలికొస్తూ గుమ్మాన్ని వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. తట్టినట్టు అతనికి తెలియదు. నాలుగు నెలలుగా గోడ కనబడితే గోడను, డబ్బా కనబడితే డబ్బాను ఆ చేయి తనంతట తాను తడుతోంది. "ఇల్లేం కూలదు తీయ్," అని రామి మొదట్లో నవ్వేది. ఈ మధ్య తన మొగుడి చేతివంక చూసి ఊరుకుంటోంది. గడియారం ఒంటిగంట దాటి మూడు నిమిషాలు. మూడింటికి రెండో షిఫ్టు, రెండుంబావుకు ఇల్లు కదలాలి. తెలంగాణ కోసం నెల దాటి నడిచిన సమ్మె బొగ్గు గనుల్లో మాత్రం ఆగిందని, ఇవాళ్టి నుంచి బాయి, అంటే గని, నడుస్తుందని పొద్దున జీపుకు మైకు కట్టి భూపాలపల్లి కాలనీ అంతా చెప్పిపోయారు. వాడకట్టులో మగవాళ్లు బూట్లు దులుపుకుంటున్నారు. బాయిలోకి దిగాలి అన్న మాటను జైసింగ్ ఇంకా మనసులో పూర్తిగా అననే లేదు. దాని అంచుదాకా పోయి, అక్కడ ఏదో మెత్తగా తగిలి, వెనక్కి వస్తున్నాడు.

"కూసో. ఇయ్యాలన్న మంచిగ దిగుదాం. నాలుగుసార్లు కూలగొట్టినవు," అంది భాగ్య, కుర్చీ జరిపి. "దినాం ఒక్క గంట కరెంటుకు ఏం నేర్సుకుంట?" అన్నాడతను. "బొగ్గు బంద్ పెట్టింది ఎవరు? నువ్వే గద! నీ సమ్మెకు నీ రాకెట్టే ఆగింది," అని పకపకా నవ్వింది. ఇంట్లో వాళ్ల మాట లంబాడీలోనే. అయినా ఈ కంప్యూటర్ ముందు కూర్చుంటే భాగ్య తెలుగులోకి దిగుతుంది, అతనూ దిగుతాడు, రాకెట్టుకూ కక్ష్యకూ తండాలో మాటలు లేవు కనుక. హన్మకొండలో డిగ్రీ చదివే పిల్ల, కాలేజీలు బంద్ కావడంతో ఇంటికొచ్చింది. జనగామ బట్టల షాపువాళ్ల బిడ్డ మేఘన అని ఈమెకో స్నేహితురాలు, ఆ పిల్ల ఇచ్చిన డిస్కులోంచి వచ్చింది ఈ ఆట. ఆట అంటే భాగ్య ఒప్పుకోదు. ఇందులో గ్రహాలు నిజంగా ఎంత బరువో అంతే బరువు, ఎంత దూరమో అంతే దూరం, తప్పుగా దిగితే తప్పుగానే చస్తాం అంటుంది. జైసింగ్‌కు అదంతా ఎంత అర్థమైందో గానీ, కూతురు పక్కన ఇన్ని రోజులు కూర్చోవడం మాత్రం అర్థమైంది. ఇరవై ఏళ్లుగా అతనికి తెలిసిన కూతురు నిద్రపోతున్న కూతురు. మూడో షిఫ్టు చేసి పొద్దున వస్తే బడికి పోయి ఉండేది, రెండో షిఫ్టు చేసి వస్తే దుప్పటి తన్నేసి పడుకుని ఉండేది. మెలకువగా ఉన్న పిల్ల ఇట్ల ముక్కు మీద వేలేసుకుని ఆలోచిస్తుందని, జోకు వేసే ముందు ఎడమ కనుబొమ్మ ఎత్తుతుందని అతనికి ఈ సమ్మెలోనే తెలిసింది.

తెర నల్లగా అయి, దాని మీద తెల్లటి ముద్ద తేలింది. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో ఒకటి, పేరు యూరోపా. గుడ్డు పెంకు మీద గోటితో గీకినట్టు దాని నిండా గోధుమరంగు గీతలు. అక్కడికి మనిషన్నవాడు పోలేదని, దూరంనుంచి మిషన్లు తీసిన ఫొటోలు అతికించి ఎవరో ఓపికగలవాళ్లు దీన్ని తయారుచేశారని భాగ్య మొదటి రోజే చెప్పింది. పని సులువే. మౌసు అనే ఆ ఎలుకను పట్టుకుని అటూ ఇటూ కదిపితే రాకెట్టు కిటికీలోంచి ఎటు కావాలంటే అటు చూడొచ్చు. ఒక మీట నొక్కి పట్టుకుంటే మంట కిందికి కొట్టి రాకెట్టు నిదానిస్తుంది, వదిలితే పడుతుంది. మూలన ఎత్తు చూపించే అంకె. జైసింగ్‌కు ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు. రెండువేలు. పద్దెనిమిది వందలు. బాయిలో ఏటవాలు దారి వెంట దిగుతుంటే అంకె పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతోంది. తగ్గుతుంటే అతని అరచేయి చెమట పట్టింది, చెమట పట్టిన చేయి ఎలుకను కదిపింది, చూపు పైకి తిరిగింది. పైన ఆకాశం లేదు. ఆకాశం ఉండవలసిన చోట గురుగ్రహం ఉంది. మన చందమామలను ఒకదాని పక్కన ఒకటి ఇరవై నాలుగు పేర్చితే ఎంత వెడల్పో అంత వెడల్పున, చారలు చారలుగా, నిండుగా వేలాడుతోంది. పునాది లేదు, దిమ్మ లేదు, ఒక్క దుంగ ఆసరా లేదు. ఇంత పెద్ద కప్పును ఇట్ల వదిలేసి ఎవడు పోయాడు అనిపించింది జైసింగ్‌కు. ఇట్లాంటి కప్పు కింద ఎవడు నిలబడతాడు.

నెల్లికుదురు పక్క తండానుంచి ఇరవై రెండేళ్ల వయసులో వచ్చి మొదటిసారి బాయిలో దిగినప్పుడు కూడా ఇట్లాగే చెమట. కాళ్ల కింద ఏముందో చూసుకుంటూ, టోపీ లైటు వెలుగులో గుంతలు తప్పుకుంటూ నడుస్తున్నాడు, చేనుగట్టు మీద నడిచే అలవాటు. వెనకనుంచి ఎవరో టోపీ పట్టుకుని తల పైకెత్తారు. "కింద ఏముంటదిరా, నేలనే ఉంటది. మీద చూడు." అది పోశాలు. చిట్యాల మనిషి, తనకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ రోజునుంచి ఇద్దరిదీ ఒకటే జట్టు, టింబరు పని, అంటే తవ్విన చోట కప్పు దిగకుండా దుంగలు నిలబెట్టే పని. ఇనుప పొన్ను వేసిన కర్రతో ముందు కప్పును తట్టాలి. ఖంగుమంటే గట్టిది. కుండ పగిలినట్టు డొల్లగా మోగితే వెనక్కి రావాలి. ఆరేళ్లలో జైసింగ్ చెవి పోశాలు చెవిని దాటిపోయింది. అట్లని అందరికంటే ముందు చెప్పింది పోశాలే. బాయిలో జట్లను నడిపించే సర్దార్ బాలనర్సయ్య వంటివాడు కూడా కొత్త చోటికి పోతే, "జైసింగును పిలువున్రి, వాని చెవు తెచ్చి పెట్టున్రి," అనేవాడు. ఆ చెవి మీద ఇల్లు నడిచింది, పిల్ల చదువు నడిచింది, పోశాలు నడిచాడు. ఒకరు దుంగ ఎత్తుతుంటే ఒకరు పైకి చూడడం. ఇరవై నాలుగేళ్లు పైకి చూసిన మెడ అది.

"బాపూ! బాపూ, నొక్కు, నొక్కు!" అని భాగ్య అరిచేసరికి తెర తెల్లగా అయి, రాకెట్టు పక్కకు దొర్లి, నిశ్చలంగా ఆగిపోయింది. "అయిదోసారి," అంది ఆమె, తల పట్టుకుని. "నేల కింద ఉంటె నువ్వు పైకి చూస్తవేంది? ప్రతిసారి గదే. నేను గమనిస్తున్న, ఎత్తు తక్కువైన కొద్ది నీ కండ్లు మీదికే పోతున్నయి." ఆమె నవ్వుతోంది. అతనూ నవ్వబోయాడు. "పడేది మీదినుంచే గద బిడ్డా," అన్నాడు. ఎడమ కనుబొమ్మ లేచింది, జోకేమో అని. జోకు కాదని తెలిసి మెల్లగా దిగింది. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అది పడది బాపు. గురుగ్రహం ఆడికెల్లి జరగనే జరగది. ఈ చందమామ మీద నిలబడి చూస్తె అది ఎప్పటికి ఆ జాగలనే ఉంటది. అది మునగది, పొడవది." "ఎన్నేండ్ల సంది?" "కోట్ల ఏండ్ల సంది." "మరి దాన్ని ఎవరు పట్టుకున్నరు?" భాగ్య ముక్కు మీద వేలేసుకుంది. "ఎవరూ పట్టుకోలే. అసలు పడేది ఈ చందమామనే. దాని మీదికి పడుకుంట పోతది, పక్కకు ఉరుకుతున్నది గావట్టి తప్పిపోతది, మళ్ల పడుకుంట పోతది. తిరుగుడంటె గదే. పడుడు ఉంటది, తగులుడు ఉండది."

పడుడు ఉంటది, తగులుడు ఉండది. ఆ మాట జైసింగ్‌లో ఎక్కడో దిగి, అక్కడ ఆగకుండా ఇంకా కిందికి పోయింది. ఈ నాలుగు నెలలు అదే కదా. బోనాలకు ముందు ఆ రోజు బాయిలో కప్పు కూలింది. అతని భుజానికి చెక్క తగిలింది, అంతే. రెండు నెలలు సిక్కు లీవులో ఉన్నాడు, దవాఖానలో డాక్టరు భుజం అటు ఇటు తిప్పి ఫిట్ అని రాసిచ్చాడు. ఎల్లుండి డ్యూటీ అనగా సమ్మె మొదలైంది. అప్పుడు అతని ఛాతీలో లేచింది సంతోషం, దానికి ఇంకో పేరు లేదు. ఊరంతా తెలంగాణ కోసం పని ఆపింది. అతను ఆ జనం మధ్యలో దూరి తన భయాన్ని దాచిపెట్టాడు. చౌరస్తాలో వంటావార్పుకు అతనే పొయ్యి పెట్టాడు, పెద్ద గంజులో అన్నం కలిపాడు. మానుకోటలో రైళ్లు ఆపడానికి పట్టాల మీద పడుకున్నప్పుడు వీపు కింద కంకర గుచ్చుకుంటున్నా లేవలేదు, పైన వట్టి ఆకాశం, దాన్ని తట్టి చూసే పని లేదు. జై తెలంగాణ అని అతను అరిస్తే పక్కవాళ్లు తిరిగి చూసేవారు, ఏం గొంతురా జైసింగూ అనేవారు. ఆ మెప్పు విన్న ప్రతిసారీ లోపల ఒకడు తలదించుకునేవాడు. తెలంగాణ రావాలని అతనికీ ఉంది, నిజంగానే ఉంది. కానీ సమ్మె అయిపోకూడదని ఇంకా ఎక్కువ ఉంది. ఈ రెండింటినీ విడదీయడానికి అతను చాలా ప్రయత్నించాడు. బొగ్గూ రాయీ కలిసిపోయిన పొరలాగ అవి విడిపోలేదు.

భాగ్య మళ్లీ మొదటికి తెచ్చింది. రెండువేలు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, రామి టిఫిన్ డబ్బా దులుపుతోందేమో. ఒంటిగంటా ఇరవై. "ఈసారి కిందికే చూడు," అంది భాగ్య. కిందికి చూశాడు. తెల్లటి నేల, దాని మీద ఆ గోధుమరంగు గీతలు దగ్గరికొచ్చి పగుళ్లయ్యాయి. జైసింగ్ పగుళ్లను చదవగలడు. ఏది ఊరికే పైపైన వచ్చిందో, ఏది బరువు తట్టుకోలేక లోపలినుంచి వచ్చిందో కనబడుతుంది. ఇవి లోపలివి. "దీని కింద ఏమున్నది?" "మంచు. కొన్ని మైళ్ల మందం. దాని కింద సముద్రం అంటరు. ఎవరూ చూడలేదు, లెక్కలు కట్టి చెప్తరు." "నీళ్లా?" "నీళ్లే." అతని చేయి మీట మీద ఆగిపోయింది. "అయితే ఇది నేల కాదు బిడ్డా. కప్పు. కింద ఉన్నోనికి ఇది కప్పు. మనం కప్పు మీద దిగుతున్నం." భాగ్య అతనివంక తిరిగింది, ఆమె కళ్లలో మెరుపు. "అరే, మా సార్ గుడ గిట్ల చెప్పలే బాపు," అంది. ఆ మెప్పు చౌరస్తా మెప్పులాంటిది కాదు, అతను దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. ఆ ధైర్యంలోనే అడిగేశాడు. "దిగినంక దాన్ని తట్టి చూస్తె ఎట్ల ఇనబడతది?"

"ఇనబడది. గాలి లేదు గద ఆడ. గాలి లేకుంటె సప్పుడు రాదు. నువ్వు సుత్తెతోటి కొట్టినా ఏం ఇనబడది."

చప్పుడు రాదు. కర్ర పొన్ను తగులుతుంది, చేతికి అదురు తెలుస్తుంది, చెవికి ఏమీ రాదు. అక్కడ ఎవరి చెవీ పెద్దది కాదు. గట్టిదని చెప్పగలవాడు ఉండడు, ఆ మాట నమ్మి ముందుకు నడిచేవాడూ ఉండడు. ఎంత మంచి చోటు. జైసింగ్‌కు ఆ తెల్లటి చందమామ మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది, పసిపిల్ల నెత్తిని చూస్తే పుట్టే ప్రేమ. అప్పుడు నాలుగు నెలలుగా అతను తట్టి తట్టి వెతుకుతున్న చప్పుడు, తలుపులోనూ గోడలోనూ దొరకనిది, చెవిలో మోగింది. ఖంగు. శుభ్రమైన ఖంగు. ఆ రోజు కప్పు అట్లాగే పలికింది. అతను కర్ర దించి, "మంచిగున్నది, రా అన్నా," అన్నాడు. పోశాలు దుంగ భుజాన పెట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ, అతన్ని దాటి నడిచాడు. నాలుగడుగులు. తర్వాత దుమ్ము, ఆ దుమ్ములో పోశాలు కేక, ఆ కేకలో తన పేరు. దవాఖానలో పోశాలు కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

"బాపూ, ఏమైంది? మీట ఇడుస్తలేవేంది?" భాగ్య ఒక మీట నొక్కింది. రాకెట్టు నేలకు ఎనిమిది వందల మీటర్ల ఎత్తులో, మంటతో సహా, బొమ్మలాగ నిలిచిపోయింది. జైసింగ్ తెరవంకే చూస్తూ చెప్పాడు, తెలుగులో మొదలుపెట్టి, సగంలో తమ భాషలోకి జారి. కప్పు తట్టింది తానే. మంచిగున్నదన్నది తానే. పోశన్న దగ్గరికి ఒక్కసారి పోలేదు. ఆయన ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. ఇవాళ దిగాలంటే కాళ్లు రావడం లేదు. మళ్లీ ఎవరో తన చెవిని అడుగుతారు. తాను ఏం చెప్పాలి?

భాగ్య అతని భుజం మీది తువ్వాల తీసి చేతి చెమట తుడిచింది. రామి ఎప్పుడొచ్చిందో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది గానీ మూత లేదు, లోపల అన్నమూ లేదు. "పొద్దటి సంది దీన్నే కడుగుతున్న," అంది, "నువ్వు ఏదన్న అంటవని." తర్వాత కొంగు ముడిలోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, మోగుతుండగానే అతని చెవికి ఆనించింది. అవతల కోళ్ల అరుపు, టీవీ మోత, పోశాలు గొంతు.

"ఎవలు? రామవ్వనా?"

"నేనన్నా."

అవతల టీవీ మోత తగ్గింది. "ఓహో. జైసింగు దొర! నాలుగు నెలలకు గుర్తొచ్చిన్నా? ఏరా, పోయింది నా కాలా, నీ నోరా?"

"అన్నా, ఆ దినం కప్పు తట్టింది నేను. మంచిగున్నదన్నది నేను."

"ఔ. అయితే?"

"నా మాట ఇని నువ్వు పోయినవు."

"నీ మాట ఇని పోయిన్నా?" పోశాలు గొంతు లేచింది. "నేనేడ ఉంటిరా, నీ పక్కకే ఉంటి గద! నాకు చెవుల్లేవా? నేను గుడ ఇన్న. ఖంగుమన్నది. నాకు గుడ మంచిగనే ఇనబడ్డది. గందుకే పోయిన. నీ మాట మీదనే పోయేటోణ్ణయితె నీ బర్లను గుడ కొనుక్కునేటోణ్ణి, మంచిగ పాలిస్తయని నువ్వెంత చెప్పినా కొంటినా?"

జైసింగ్ ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. "మరి ఎందుకు పడ్డదన్నా?"

"పడ్డది. రాయిరా అది. నువ్వు తట్టినవని దానికేం ఎరుక?" ఆ తర్వాత గొంతు దించి, "ఇయ్యాల దిగుతున్నవా?" అన్నాడు. "కాళ్లు వస్తలేవన్నా." "నీయి రెండున్నయి, అయినా వస్తలేవా? మా ఇంట్ల ఒకటే ఉన్నది, దాన్ని పంపుదునా?" అని తన మాటకు తానే ఖళ్లున నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగితే దగ్గి, "దిగకు. భయంతోటి దిగినోడు పక్కోన్ని చంపుతడు. బాలనర్సయ్యకు చెప్పు, బాయి పైన పని ఇమ్మను. సిగ్గేంది దీంట్ల," అన్నాడు. "అన్నా, సమ్మెల నేను జై తెలంగాణ అని మస్తు ఒర్రిన. తెలంగాణ కోసం కాదు, బాయిల దిగుడు తప్పుతదని ఒర్రిన." "ఒర్రినవు గద. టీవీల నీ మొకం చూసి, మావోడే అని వాడంత చెప్పిన. ఇగ అది నాకు చెప్పకు. ఐతారం రా. బిడ్డను తోల్కరా."

ఫోను రామి చేతికిచ్చి జైసింగ్ తన రెండు మోకాళ్లవంక చూసుకున్నాడు. ఎవరో లోపల బరువైన వస్తువును ఒక మూలనుంచి ఇంకో మూలకు జరిపినట్టుంది. తీసేయలేదు, జరిపారంతే, కానీ మధ్యలో నడవడానికి జాగా వచ్చింది. ఒంటిగంటా నలభై. భాగ్య గొంతు సవరించుకుని, "ఇది గాల్లనే ఉన్నది బాపు," అంది. "మీద నేను చూస్త. నువ్వు కిందికి చూడు." ఎలుక ఆమె పట్టుకుని చూపు కిందికే నిలిపింది, మీట అతను పట్టుకున్నాడు. పైన ఆ చారల గురుగ్రహం సంగతి ఆమెకే వదిలేశాడు. అతను ఈసారి మెడ దించి, ఆ మంచు కప్పును, పగుళ్లను, దగ్గరికొస్తున్న తన రాకెట్టు నీడను చూశాడు. నాలుగు వందలు, నూట యాభై, ముప్పై. నొక్కి, వదిలి, నొక్కి. నేల తగిలిందన్న సంగతి అంకె సున్నా అయితేనే తెలిసింది. భాగ్య కేక వేయలేదు, తల అతని భుజానికి ఆనించింది, భుజం నొప్పి ఇంకా ఉందని అతను చెప్పలేదు.

రెండుంబావుకు తండ్రీకూతుళ్లిద్దరూ బయటికొచ్చారు. బాయి దారిలో సైకిళ్ళు, బూట్లు, నెల తర్వాత కలిసిన మనుషుల గోల. "షిఫ్టుకు లేటైతదిరో, తెలంగాణ అచ్చేదాక ఆడనే ఉంటవా?" అని ఎవరో ఎవరినో ఆటపట్టిస్తున్నారు. తమ భాషలో భయానికి ఉన్న మాట జైసింగ్ నోట్లో తేలిగ్గా తిరిగింది. తెలుగులో ఆ మాట మగవాళ్ల ముందు అనడం అతను ఎన్నడూ ఎరగడు. కూతుర్ని వెనక్కి పంపుదామా అనుకున్నాడు, అనుకుని ఊరుకున్నాడు. మలుపు దగ్గర బాలనర్సయ్య సైకిలు ఆపి, ఒక కాలు నేలకానించి, "రా రా జైసింగు, కొత్త జాగ తీస్తున్నరు, నీ చెవు లేక పరేషానైతున్నం," అన్నాడు. పదిమంది వింటున్నారు. చౌరస్తాలో నినాదం ఎత్తుకునే ముందు పీల్చినంత గాలి పీల్చి, అంత గట్టిగా కాకుండా, అందరికీ వినబడేటట్టే, "నాకు దిగాల్నంటె భయమైతున్నది సర్దార్. నా చెవు మీద నాకు నమ్మకం లేదు," అన్నాడు జైసింగ్.

ఎవరూ నవ్వలేదు. బాలనర్సయ్య అతన్నీ పక్కనున్న పిల్లనీ చూశాడు, సైకిలు దిగి స్టాండు వేయకుండానే చేత్తో నడిపించుకుంటూ పక్కకొచ్చాడు. "నడువు," అన్నాడు. "పైన పని ఇమ్మని మేనేజరుకు నువ్వొక్కనివి చెప్తె ఇనడు. ఇద్దరం చెప్దాం."